బీరువా నిండా బట్టలే... వేసుకోడానికే ఏమీ లేవు!

రేపు పొద్దున ఫ్రెండ్ వాళ్లక్క పెళ్లి. రాత్రి పదింటికి బీరువా తలుపు తీస్తారు. పై అరలోంచి బట్టలు జారి మీద పడతాయి. అయినా నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: ‘నాకు వేసుకోడానికి ఒక్కటీ లేదు!’

నవ్వకండి ఫ్రెండ్స్, ఇది మనందరి కథే. బట్టలు ఎక్కువైనకొద్దీ ఈ మాట కూడా ఎక్కువవుతుంది. కారణం సింపుల్. మనం కొన్నవి విడివిడి బట్టలు. ఒకదానితో ఒకటి కలవవు. ఒకటి పండగకి కొన్నది, ఒకటి రీల్ చూసి కొన్నది, ఒకటి ‘సగం ధర’ అని కొన్నది.

ఈ వారం మన ముచ్చట ఉదయగిరి, ఆత్మకూరు వైపు. ఎందుకంటారా? స్టైల్ పాఠాలన్నీ ముంబై, ఢిల్లీ నుంచే వస్తుంటాయి. స్వెటర్ మీద జాకెట్, జాకెట్ మీద కోటు అని చెబుతారు. నెల్లూరు జిల్లా పడమటి వైపు మే నెలలో బస్టాండ్‌లో నిలబడి చూడండి, ఆ పాఠం ఎంతసేపు నిలబడుతుందో! కాలేజీకి బస్సులో వెళ్లొచ్చేవాళ్లకి, మంచి షాపింగ్ అంటే నెల్లూరు ట్రంకు రోడ్డు దాకా వెళ్లాల్సినవాళ్లకి, ఉద్యోగం కోసం చెన్నైకో బెంగళూరుకో బయల్దేరేవాళ్లకి పనికొచ్చే లెక్క వేరే ఉంటుంది. అది చూద్దాం.

ఫొటోలో పడితే పాతబడినట్టేనా?

మన డబ్బుల్ని తినేస్తున్న రూలు ఒకటుంది. ఎవరూ రాయలేదు, కానీ అందరం పాటిస్తున్నాం. ‘ఒకసారి స్టేటస్‌లో పెట్టిన డ్రెస్ మళ్లీ వేసుకోకూడదు.’ ఈ రూలు ఉన్నంతకాలం ఎన్ని కొన్నా చాలవు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పెళ్లి కోసం రూ.2,400 పెట్టి ఒక మెరుపుల గౌను కొన్నారు. రెండుసార్లు వేసుకున్నారు. ఒక్కోసారికి రూ.1,200 పడింది. అదే రూ.900 పెట్టి ఒక మంచి కాటన్ కుర్తీ కుట్టించారు. ఏడాదిలో 60 సార్లు వేసుకున్నారు. ఒక్కోసారికి రూ.15. ఇప్పుడు చెప్పండి, రెండింట్లో ఏది ఖరీదు?

గౌను కొనొద్దని కాదు. పెళ్లికి పెళ్లి బట్టలు ఉండాల్సిందే. కానీ బీరువాలో పది గౌన్లూ రెండు కుర్తీలూ ఉంటే లెక్క తలకిందులైనట్టే. మరీ ముఖ్యంగా, రెండుసార్లు వేసుకునే డ్రెస్‌కి మూడు నెలల వాయిదాలు కట్టే పని పెట్టుకోకండి. ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అనే యాప్‌లకి మన స్టేటస్ అక్కర్లేదు, మన జీతం కావాలి. జీతం రాకముందే అయితే నాన్న జేబు.

అందుకే ఈ కాలమ్ మొత్తానికీ ఒక్కటే సూత్రం. మళ్లీ మళ్లీ వేసుకోబుద్ధయ్యేదే మంచి బట్ట. కొనేముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ‘ఇది బావుందా?’ అని కాదు, ‘దీన్ని 30 సార్లు వేసుకుంటానా?’ అని.

ఉదయగిరి చెక్క గరిటెలు చూశారుగా? జీఐ గుర్తింపున్న పనితనం. చేత్తో చెక్కిన ఆ గరిటె మీద నగిషీ ఎంత బావున్నా, పట్టుకుంటే చేతిలో ఇమడకపోతే వంటింట్లోకి రాదు, షోకేస్‌లోనే ఉండిపోతుంది. బట్ట కూడా అంతే. షోకేస్ బట్టలు ఒకటో రెండో చాలు. వంటింటి బట్టలే ఎక్కువ కావాలి!

ముందు ఎండని అడగండి

మన వైపు కాలాలు మూడే: ఎండ, ఇంకా ఎండ, కొంచెం వాన. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వణికించే చలి లేదు. అంటే మన బీరువాలో తొంభై శాతం గాలాడే బట్టలే ఉండాలి. ఒక పల్చటి జాకెట్ చాలు. అదీ ఏసీ బస్సు కోసం.

బట్ట ఏదన్నది ఎందుకంత ముఖ్యమంటే... నూలు తన బరువులో ఏడెనిమిది శాతం దాకా తేమని పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. చెమట ఒంటి మీదే ఉండిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి మెరిసిన పాలిస్టర్ షర్టు మధ్యాహ్నం రెండింటికి వాసనొచ్చేది అందుకే. జిమ్ టీషర్టుల పాలిస్టర్ వేరు. చెమట త్వరగా ఆరేలా దాన్ని ప్రత్యేకంగా నేస్తారు. ఆటకి అది ఓకే, కాలేజీకి రోజంతా వద్దు.

నూలు, లినెన్, రేయాన్... ఈ మూడూ మనకి చుట్టాలు. రేయాన్ మెత్తగా జారుతుంది, చవకే. కానీ మొదటి ఉతుకులో కుంచించుకుపోయే రకం. ఒక అంగుళం లూజు ఉన్నదే తీసుకోండి.

షాపువాళ్లు ‘ప్యూర్ కాటన్ అమ్మా’ అంటే నమ్మాలా వద్దా? కొన్నాక మిగిలిన ముక్కలోంచి ఒక దారం పీకి ఇంట్లో జాగ్రత్తగా అంటించి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఇంకోసారి ఆ షాపుకి వెళ్లాలా వద్దా అన్నది ఆ పూసే చెబుతుంది.

ఎన్ని ఉంటే చాలు?

అబ్బాయిలకి: షర్టులు 5, టీషర్టులు 4, ప్యాంట్లు 2, జీన్స్ 1, పండగకి ఒక కుర్తా, ఒక తెల్ల చొక్కా, ఒక పంచె. ఐదు షర్టులు, కింద మూడు... ఈ ఎనిమిదితోనే 15 జతలు తయారవుతాయి.

అమ్మాయిలకి: కుర్తీలు 5, కింద వేసుకునేవి 3 (ఒక స్ట్రెయిట్ ప్యాంటు, ఒక లెగ్గింగ్, ఒక జీన్స్), చున్నీలు 2, షర్టులో టాప్‌లో 3, పండగకి ఒక లంగా ఓణీ లేదా మంచి చుడీదార్, ఒక చీర. ఐదు కుర్తీలు, మూడు ప్యాంట్లు, రెండు చున్నీలు గుణిస్తే 30 రకాలు. నెలంతా రోజుకొకటి!

ఈ గుణకారం పనిచేయాలంటే షరతు ఒకటే: రంగులు కలవాలి. కింద వేసుకునేవి నేవీ బ్లూ, నలుపు, బిస్కెట్ రంగు లాంటి నెమ్మదైన రంగుల్లో తీసుకోండి. ఇవి దేనితోనైనా సర్దుకుపోతాయి. పైన మీ ముఖానికి నప్పే రంగులు మూడు ఎంచుకోండి: ఇటుక రంగు, నెమలిపింఛం రంగు, మామిడిపండు రంగు... ఏదైనా సరే. ‘నేను నలుపు కదా, ముదురు రంగులు నప్పవు’ అని ఎవరైనా చెబితే ఆ మాటని అక్కడే వదిలేయండి. వంకాయ రంగు, ఇటుక రంగు చామనచాయ మీద ఎంత బావుంటాయో పగటి వెలుగులో అద్దం ముందు పెట్టుకుని చూడండి. షాపులోని ట్యూబ్‌లైట్‌ని మాత్రం నమ్మకండి.

ఒక చిట్కా: లేత బూడిద రంగు షర్టు మీద చెమట మరక ఇట్టే కనిపిస్తుంది. తెలుపు, నేవీ, చిన్న చిన్న ప్రింట్లు ఆ మరకని దాచేస్తాయి.

ఇంకోటి: పెద్ద కాటన్ చున్నీ ఒకటి తప్పకుండా ఉంచుకోండి. స్కూటీ మీద ఎండకి ముఖానికి చుట్టుకోవచ్చు. ఏఎస్ పేట దర్గాకి వెళ్తే తల మీద కప్పుకోవచ్చు. రాత్రి బస్సులో కిటికీ గాలికి దుప్పటి. ఒక్క బట్ట, మూడు పనులు. అబ్బాయిలకి ఆ పని మన మామూలు తువ్వాలు చేస్తుంది. తాతయ్యలు ఊరికే భుజాన వేసుకోలేదు మరి!

టైలరే మీ స్టైలిస్ట్

పెద్ద సిటీ వాళ్లకి లేనిది, మీకున్నది ఏంటో తెలుసా? వీధి చివర మిషన్ పెట్టుకుని కూర్చున్న టైలర్. మీ కొలతలు ఆయనకి తెలుసు. పెరిగితే మొహమాటం లేకుండా చెబుతాడు కూడా!

రూ.600 షర్టు ఒంటికి కుదిరితే, కుదరని రూ.2,000 బ్రాండ్ షర్టు కంటే బావుంటుంది. స్టైల్‌లో సగం ఫిట్టింగే. రెడీమేడ్ కొన్నా సరే, వారంలోగా టైలర్ దగ్గరికి తీసుకెళ్లండి. నడుము దగ్గర లూజు, చేతుల పొడవు, ప్యాంటు కింది మడత... ఇవన్నీ తేలిగ్గా సరిచేయొచ్చు. భుజాలు మాత్రం సరిచేయడం కష్టం. అందుకే షర్టు కొనేటప్పుడు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఉందా లేదా అన్నది ముందు చూడండి. అది కుదిరితే మిగతావి కుదిరించొచ్చు.

బట్ట కొని కుట్టించుకునేవాళ్లకి మూడు మాటలు. ఒకటి, పన్నా అడగండి. 36 అంగుళాల పన్నా అయితే ఫుల్ హ్యాండ్స్ షర్టుకి సుమారు రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు పడుతుంది. పన్నా పెద్దదైతే బట్ట తగ్గుతుంది. రెండు, కాటన్ అయితే కుట్టడానికి ఇచ్చేముందు ఒక రాత్రి నీళ్లలో నానేసి ఆరేయండి. కుంచించుకునేదేదో ముందే అయిపోతుంది. మూడు, లోపల కుట్టు దగ్గర కొంచెం బట్ట వదలమనండి. వచ్చే ఏడాది రెండు కిలోలు పెరిగినా ఆ డ్రెస్ మీదే.

అమ్మాయిలూ, ఒక్క మాట గట్టిగా చెప్పండి: ‘అన్నా, సైడు జేబు పెట్టు.’ కుర్తీకి పక్క కుట్టులో జేబు పెట్టడం పెద్ద పనేం కాదు. ఫోన్, బస్ టికెట్, స్కూటీ తాళం అన్నీ చేతిలోనే పట్టుకుని తిరగాల్సిన ఖర్మ మనకెందుకు?

నేత మన పక్కనే ఉంది

చేనేత అంటే అమ్మ చీరలే అనుకుంటాం. ఒకసారి మన చుట్టూ చూడండి. కోవూరు దగ్గర పాటూరు ఉంది. వెంకటగిరి ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాక వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ, అంతకుముందు దాకా నెల్లూరు జిల్లాదే. సన్న నూలు, జరీ అంచు, జాందానీ బుటాలు... వెంకటగిరి చీరకి జీఐ గుర్తింపు ఊరికే రాలేదు. ఒంటి మీద బరువే తెలియదు. ఎండల ప్రాంతంలో పుట్టిన నేత కదా, ఎండ సంగతి దానికి తెలుసు.

అమ్మ దగ్గర చిరుగు పట్టిన పాత కాటన్ చీర ఉంటే (ఉన్నది చించకండి, అమ్మతో తిట్లు తినకండి!) ఐదున్నర మీటర్లలో బాగున్న భాగంతో ఒక కుర్తీ వస్తుంది. మిగిలితే చున్నీ కూడా. అంచుని చేతుల దగ్గర పెట్టించుకోండి. అలాంటి కుర్తీ ఇంకొకరి దగ్గర ఉండే ప్రసక్తే లేదు. అబ్బాయిలకి మంగళగిరి కాటన్ షర్టు బట్ట ఉంది. ఇంటర్వ్యూకీ, గుడికీ రెండింటికీ పనికొస్తుంది. ఆప్కో షోరూమ్‌లలో చూడొచ్చు. కొనేటప్పుడు హ్యాండ్లూమ్ మార్క్ ఉందో లేదో చూడండి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు స్టేటస్ పెట్టడంతో పాటు ఒక మీటరు కొంటే నేతన్నకి ఇంకా సంతోషం.

కార్ట్‌లో పడేసే ముందు

ఆన్‌లైన్‌లో కొనొద్దని ఎవరూ అనరు. కానీ ‘ఎం’, ‘ఎల్’ అన్న అక్షరాల్ని నమ్మకండి. ఒక్కో కంపెనీ ‘ఎల్’ ఒక్కోలా ఉంటుంది. మీకు బాగా కుదిరిన షర్టునో కుర్తీనో మంచం మీద పరిచి టేపుతో కొలవండి: చంక నుంచి చంకకి, భుజం నుంచి భుజానికి, పొడవు. ఆ మూడు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. సైజ్ చార్ట్‌తో పోల్చి కొంటే వెనక్కి పంపే బాధ సగం తగ్గుతుంది.

మాటల గారడీ గమనించండి. ‘కాటన్ ఫీల్’ అంటే కాటన్ కాదు. ‘సిల్క్ లుక్’ అంటే సిల్క్ కాదు. కిందకి జరిపి ‘100 శాతం కాటన్’ అని ఉందా చూడండి. మోడల్ ఫొటో కాదు, కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 వరకు ఉన్న రెడీమేడ్ బట్టల మీద జీఎస్‌టీ 5 శాతమే. అది దాటితే 18 శాతం. మనకి కావాల్సిన రోజువారీ బట్టలన్నీ ఆ గీతకి ఇటువైపే దొరుకుతాయి.

రాత్రి బస్సు, పొద్దున ఇంటర్వ్యూ

మన వైపు పిల్లలకి ఇంటర్వ్యూ అంటే తరచుగా రాత్రి ప్రయాణమే. ‘వాళ్లంతా సిటీ వాళ్లు, నేను పల్లెటూరు నుంచి వచ్చానని బట్టలు చూడగానే తెలిసిపోతుందేమో’ అన్న భయం లోపల ఒకటి. వినండి... ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్లు చూసేది బ్రాండ్ లోగో కాదు. శుభ్రంగా ఉన్నారా, ఇస్త్రీ ఉందా, సౌకర్యంగా కూర్చున్నారా... అంతే.

లేత నీలం లేదా తెల్ల ఫుల్ హ్యాండ్స్ షర్టు, నేవీ ప్యాంటు, బెల్టూ షూసూ ఒకే రంగు. అమ్మాయిలకి ప్లెయిన్ కాటన్ కుర్తీ, స్ట్రెయిట్ ప్యాంటు చాలు. ఇంటర్వ్యూకి చీరే కట్టాలన్న రూలేం లేదు. కట్టడం అలవాటుంటేనే కట్టండి. ప్రయాణం మాత్రం పాత టీషర్టులో చేయండి. ఇస్త్రీ చేసిన షర్టుని మడతల మధ్య న్యూస్‌పేపర్ పెట్టి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టండి. కొత్త షూస్ అయితే వారం ముందు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి. కాలు కొరుకుతుంటే జవాబు గుర్తురాదు!

బోరు నీళ్లూ, తెల్ల షర్టూ

మంచి బట్ట కొన్నాం, ఆరు నెలల్లో వెలిసిపోయింది. తప్పు బట్టది కాకపోవచ్చు. చాలా చోట్ల మనది బోరు నీళ్లు. గట్టి నీళ్లలో సబ్బు నురగ రాదు, దాని మడ్డి బట్టలోనే ఉండిపోతుంది. తెల్లవి మసకబారేది అందుకే. సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ పౌడరో లిక్విడో మేలు. ఆఖరి జాడింపుకి వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే ఇంకా మంచిది. రంగు బట్టల్ని తిరగేసి, నీడలో ఆరేయండి. మన ఎండ వాటి రంగునీ వదలదు. జీన్స్‌ని ప్రతిసారీ ఉతకక్కర్లేదు. చెమట బట్టల్ని మాత్రం ముద్దగా మూలన పడేయొద్దు. ఊడిన బొత్తాం అదే రోజు కుట్టుకోవడం నేర్చుకోండి, అబ్బాయిలు కూడా!

నలుగురూ ఏమంటారో...

ఇన్ని చెప్పినా ఆఖరికి ఆగేది ఇక్కడే. వేసిందే వేస్తే ఎవరో ఒకరు అంటారు.

“ఏందమ్మీ, మొన్న పెళ్లిలో కూడా ఇదే కదా ఏసుకున్న్యావు?”

“అవును పిన్నీ, బాగుందనే మళ్లా ఏసుకున్న్యా. బాలేదా?”

“బాగుండాదిలే... యాడ కుట్టించినావు?”

చూశారా? నవ్వుతూ చెప్పిన ఒక్క జవాబుతో దెప్పిపొడుపు కాస్తా అడ్రస్ అడగడం అయిపోయింది. మీరు తల దించుకుంటే అది పాత డ్రెస్. తలెత్తి నిలబడితే అది మీ స్టైల్. అదే కుర్తీకి చున్నీ మార్చండి, జడ మార్చండి, జుంకాలు మార్చండి. చొక్కా చేతులు మడతపెట్టండి. బట్ట అదే, మనిషి కొత్తగా కనిపిస్తాడు.

కంగారేం లేదు. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. కృష్ణదేవరాయలంతటి వాడికే ఉదయగిరి కోటని గెలవడానికి సుమారు ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో గానీ చేతికి రాలేదు. మీ బీరువాకి కనీసం ఒక ఏడాది ఇవ్వండి. నెలకి ఒక్క మంచి బట్ట చాలు.

ఈ వారం హోంవర్క్ ఇదిగో. బీరువా మొత్తం మంచం మీద పొయ్యండి. మూడు కుప్పలు చేయండి. గత ఏడాదిలో వేసుకున్నవి ఒకటి. టైలర్ చెయ్యి పడితే బాగయ్యేవి ఇంకొకటి. ఇక ఎప్పటికీ వేసుకోనివి మూడోది. మూడో కుప్పలో బాగున్నవాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, అవసరమైనవాళ్లకి గౌరవంగా ఇవ్వండి. రెండో కుప్పని సంచిలో పెట్టి సోమవారమే టైలర్ దగ్గరికి పట్టుకెళ్లండి.

మొదటి కుప్పలో దేని మీద చెయ్యి ఎక్కువగా పడుతోందో చూడండి. వచ్చే నెల కొనేది దానికి జత అయ్యేదే కొనండి.